సీలింగ్ పాడైంది టోర్నడో వల్లే, పాత లీకు వల్ల కాదు: మా క్లెయిమ్ మళ్ళీ చూడండి

ఇన్సూరెన్స్ ఏజెన్సీ మేనేజర్ గారికి,

నమస్కారమండి. 2021 డిసెంబర్ 10 రాత్రి టోర్నడోకి దెబ్బతిన్న మా ఇంటి క్లెయిమ్ గురించి రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పినదేదీ మీ రికార్డులోకి ఎక్కడం లేదు కాబట్టి ఈసారి రాతలో పెడుతున్నా. ఇల్లు కెంటకీలో డాసన్ స్ప్రింగ్స్ ఊరి బయట, పొలాల మధ్య ఉంది. తెలుగువాళ్ళ ఏజెన్సీ, కష్టమొస్తే మన భాషలో చెప్పుకోవచ్చు అన్న నమ్మకంతోనే మీ దగ్గర పాలసీ తీసుకున్నాం.

కంపెనీ ఉత్తరంలో, కప్పు మీది షింగిల్స్ (పైన పరిచే పలకలు) గాలికి లేచిపోయాయని ఒప్పుకున్నారు. కానీ ఆ రూఫ్ కిందే ఉన్న రెండు గదుల సీలింగ్, ఇన్సులేషన్, నేల మాత్రం "పాత లీకు, నిర్వహణ లోపం" అట, పైసా ఇవ్వరట. పైన కప్పు చిరిగి, ఆ రాత్రి వాన తిన్నగా కిందికి దిగితే అది పాత లీకు ఎలా అవుతుంది? నష్టం అంచనా వేయడానికి వచ్చిన మీ అడ్జస్టర్ అటక ఎక్కలేదు. గుమ్మంలో నిలబడి ఫోన్‌తో ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కి ఉంటే చెక్కలు ఎక్కడ విరిగాయో, నీళ్ళు ఎటునుంచి వచ్చాయో అక్కడే కనపడేది. గాలి వల్ల కప్పుకు కన్నం పడి అందులోంచి వాన వస్తే ఆ నష్టం కవర్ అవుతుందని మీరు అమ్మిన పాలసీలోనే రాసి ఉంది, ఆ పేజీ జత చేస్తున్నాను.

ఆ గాలి ఎలాంటిదో మీకు తెలియంది కాదు. అమెరికా వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ దాన్ని ఈఎఫ్-4 (టోర్నడోల తీవ్రతకు 0 నుంచి 5 వరకు ఉండే కొలమానంలో రెండో పెద్ద స్థాయి) అంది, గంటకు 190 మైళ్ళ వేగం, 165 మైళ్ళ దారి, 57 మంది ప్రాణాలు పోయాయి. డాసన్ స్ప్రింగ్స్‌లో ఒక ఇంటి పాత ఫోటో దాదాపు 130 మైళ్ళు ఎగిరి ఇండియానాలోని న్యూ ఆల్బనీలో ఒక కారు అద్దం మీద దొరికింది. అంత గాలి మా ఊరి మీదుగా పోయిందని తెలిసీ మా సీలింగ్ మరకలకి నిర్వహణ లోపం అని రాయడం చూస్తే కడుపు మండుతోంది.

ఇంకొకటి, అసలు ముఖ్యమైనది. పోయిన వేసవిలో రెన్యూవల్‌కి ముందు మీరే పంపిన మనిషి ఇంటి లోపలా బయటా ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో ఆ రెండు గదుల సీలింగ్ తెల్లగా, పొడిగా ఉంది. అవి మీ ఫైల్లోనే ఉన్నాయి. కంపెనీకి ఎందుకు పంపలేదు?

టోర్నడో తర్వాత కరెంటు లేదు, కరెంటు లేక బావి పంపు ఆడలేదు, రోడ్ల నిండా చెట్లు. ఆ పరిస్థితిలో కూడా దొరికిన టార్ప్ (టార్పాలిన్ పట్టా) కప్పించాం, రసీదు ఉంది. కొత్త సంవత్సరం రోజు మళ్ళీ తుఫాను వచ్చి దాన్నీ చింపింది. ఇప్పుడు గోడల్లో బూజు. మా అత్తగారికి ఆయాసం, ఆ వాసనలో ఆమెని ఉంచలేక బయట అద్దెకుంటున్నాం, ఆ అద్దె గురించి కూడా మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. గాలి, వడగళ్ళకు ఇంటి విలువలో 2 శాతం వేరే డిడక్టబుల్ (ముందు మేమే భరించాల్సిన మొత్తం) అని అమ్మేటప్పుడు మీరు ఒక్క మాట చెప్పలేదు, దానికీ జవాబు కావాలి. పొలంలో ఎవరి ఇంటివో తెలియని రేకులు, గాజు ముక్కలు పడి ఉన్నాయి. అవి మేం తీయించుకుంటున్నాం లెండి, వాటి గురించి అడగడం లేదు.

నాకు కావాల్సింది ఇది. అటక ఎక్కి చూసే వేరే అడ్జస్టర్‌ని పంపించండి. వేసవి ఫోటోలు కంపెనీకి పంపి, కాపీ నాకివ్వండి. తిరస్కరిస్తే పాలసీలో ఏ క్లాజు కింద తిరస్కరించారో స్పష్టంగా రాసి ఇవ్వండి, ఎందుకంటే ఇన్సూరెన్స్ నిర్ణయం కాగితం సరిగ్గా లేకపోతే విపత్తు సాయం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెమా దగ్గర మా దరఖాస్తు కదలదు. కెంటకీ చట్టం ప్రకారం కాగితాలన్నీ ఇచ్చాక 30 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలి, సరైన కారణం లేకుండా ఆపితే 12 శాతం వడ్డీ కట్టాలి. ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకి కంపెనీ మీదా, మీ ఏజెన్సీ మీదా ఫిర్యాదు చేస్తాను.

పాలసీ పేజీలు, టార్ప్ రసీదు, అటకలో మేం తీసిన ఫోటోలు జత చేశాను.

ఇట్లు,
మీ పాలసీదారు
డాసన్ స్ప్రింగ్స్, కెంటకీ