గూఢలిపి పుస్తకాలకు గ్రంథాలయాల్లో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు, పుస్తక ప్రదర్శనలు ఏర్పాటు చేస్తారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈసారి వాటితోపాటు మరో పని తలపెట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సందేశాన్ని ఇతరులకు అర్థం కాకుండా గూఢలిపిలో రాయడం, అలా రాసినదాన్ని ఛేదించడం ఎలాగో చెప్పే తెలుగు పుస్తకాలు, హైస్కూలు పిల్లలు సొంతంగా చదువుకోగలిగినవి, ప్రతి శాఖా గ్రంథాలయానికీ చేరాలి. దొరకకపోతే రాయించాలి. నేను వెళ్లే గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి. ఈ విషయం మీద ఒక్కటీ కనిపించలేదు.

ఇది తీరిక ఉన్నవారి కాలక్షేపమని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. కూరగాయల బండి దగ్గర ఫోనుతో డబ్బు చెల్లించినప్పుడల్లా మన వివరాలు గూఢలిపిలోకి మారాకే బయలుదేరుతున్నాయి. బ్యాంకు ఉద్యోగంలో ఉండగా మోసపోయి ఏడుస్తూ వచ్చిన ఖాతాదారులను చూశాను. నాకు తెలిసిన ఏ ఉదంతంలోనూ దొంగ గూఢలిపిని ఛేదించలేదు. ఓటీపీ అడిగాడు, వీరు చెప్పారు, అంతే. చెప్పవద్దన్న హెచ్చరిక ప్రతి గోడ మీదా ఉంటుంది. ఎందుకు చెప్పకూడదో అర్థమయ్యేలా వివరించే పుస్తకం మాత్రం సామాన్యుడికి అందుబాటులో ఉండదు.

ఆ వివరణ చాలా పాతది. ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషాశాస్త్రవేత్త 1883లోనే ఒక ఫ్రెంచి సైనిక పత్రికలో దాన్ని రాశాడు. రహస్యలేఖన పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది రాకూడదు, దాచవలసింది తాళంచెవిని, అంటే సందేశాన్ని విప్పే రహస్యపు మాటనో అంకెనో మాత్రమే. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న ఏఈఎస్ అనే గూఢలిపి పద్ధతి అలాగే పుట్టింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 1997లో బహిరంగంగా ప్రకటన ఇస్తే 15 పద్ధతులు పోటీకి నిలిచాయి. వాటిని ప్రపంచమంతా పరీక్షించాక బెల్జియం శాస్త్రవేత్తలు యోవాన్ డామన్, విన్సెంట్ రైమన్ రూపొందించినది 2001లో ప్రమాణమైంది. దాని లెక్క ఎవరైనా చదువుకోవచ్చు. పద్ధతిలో దాచిందేమీ లేదు. మన వంతుగా మనం దాచుకోవలసింది ఆ పిన్, ఆ ఓటీపీ. ఈ సంగతి ఒకసారి తెలిసినవారికి ఆ కొద్దిపాటి అంకెల విలువ గోడ మీది హెచ్చరిక లేకుండానే గుర్తుంటుంది.

పిల్లలకు ఛేదించడం నేర్పితే దొంగతనం నేర్పినట్టే కదా అని నాతో అన్నవారున్నారు. వారికీ నా జవాబు ఇదే. బలహీనమైన పద్ధతి ఎందుకు బలహీనమో తెలియనివారు బలమైనదాన్ని గుర్తుపట్టలేరు.

ఈ విద్యకు పెన్సిలు, కాగితం చాలు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ అనే పండితుడు చెప్పిన ఉపాయంతో మొదలుపెట్టవచ్చు. ఒక భాషలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి, గూఢసందేశంలోని గుర్తుల లెక్కతో పోల్చిచూడాలి. ఇంగ్లిషు పుస్తకాలన్నీ వారి భాషలో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ‘ఇ’ (E) అక్షరంతో ఈ పాఠం చెబుతాయి. అది మన పిల్లలకు అంతగా పనికిరాదు. ‘క’కు బదులు ‘ఖ’, ‘త’కు బదులు ‘థ’, ఇలా ప్రతి హల్లునూ వర్ణమాలలో ఒక్క అడుగు ముందుకు జరపండి. ‘పుస్తకం’ కాస్తా ‘ఫుహ్థఖం’ అవుతుంది. కానీ కొమ్ము, ఒత్తు, సున్న ఉన్నచోటనే ఉన్నాయి. సగం రహస్యం అవే బయటపెట్టేస్తాయి. మాటల చివర పదేపదే ఒకే గుర్తు కనిపిస్తే అది ‘లు’ కావచ్చు, ‘కు’ కావచ్చు, ‘లో’ కావచ్చు. ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో మీ పత్రికలోని ఒక పేజీ తీసుకుని పిల్లలే లెక్కపెట్టుకోవచ్చు. లెక్కలూ వ్యాకరణమూ ఒకే గంటలో నేర్పగల పాఠం ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే అనువాదాలతో సరిపెట్టకుండా తెలుగు లిపి మీద, తెలుగు ఉదాహరణలతో రాయించమంటున్నాను. తెలుగు అకాడమీ ఈ పని చేయవచ్చు.

చదువు ఎంత దూరం తీసుకెళ్తుందో పోలండ్ చూపించింది. అక్కడి సైన్యపు గూఢలిపి విభాగం 1929లో పోజ్నాన్ విశ్వవిద్యాలయంలో జర్మన్ భాష తెలిసిన గణిత విద్యార్థులను ఎంపిక చేసి రహస్యంగా పాఠాలు చెప్పించింది. వారిలో ముగ్గురు మరియన్ రెయెవ్‌స్కీ, యెజీ రుజిత్స్కీ, హెన్రిక్ జిగాల్స్కీ. సందేశాలను గూఢలిపిలోకి మార్చే జర్మన్ సైన్యపు ఎనిగ్మా యంత్రం లోపలి తీగల అమరికను 1932 డిసెంబరులో రెయెవ్‌స్కీ గణితంతో రాబట్టాడు. ఫ్రెంచి గూఢచారులు సంపాదించిన పత్రాలు కూడా అందుకు తోడ్పడ్డాయి. 1939 జులైలో, యుద్ధానికి కొన్ని వారాల ముందు, పోలండ్ తన పరిశోధనను బ్రిటన్, ఫ్రాన్స్‌లకు అప్పగించింది. బ్లెచ్‌లీ పార్కు (యుద్ధకాలంలో శత్రువుల గూఢసందేశాలను ఛేదించిన బ్రిటన్ కేంద్రం) అనగానే అందరూ గణితవేత్త అలన్ ట్యూరింగ్‌ను తలుచుకుంటారు, తలుచుకోవలసిందే. ఈ ముగ్గురి పేర్లు మాత్రం మన పిల్లలు విననే వినరు.

ఎనిగ్మాలో ఏ అక్షరమూ అదే అక్షరంగా బయటకు రాదు. ఆ లోపాన్ని పట్టుకుని చేసిన పనిని బడిలోనే చేసి చూడవచ్చు. సందేశంలో ఉంటుందనుకున్న మాటను కాగితపు చీలిక మీద రాసి, గూఢసందేశం కింద జరుపుకుంటూ పోవాలి. ఒకే అక్షరం పైనా కిందా ఎదురెదురుగా వచ్చిందంటే ఆ మాట అక్కడ లేదన్నమాట. అలా మిగిలిన చోట్లను ఆధారం చేసుకునే ట్యూరింగ్, ఆయన సహచరుడు వెల్చ్‌మన్‌ల యంత్రాలు ఎనిగ్మాలో ఆ రోజుకు పెట్టిన అమరికను వెతికేవి.

చివరిగా మీ పత్రికకే ఒక విన్నపం. 1942 జనవరిలో లండన్‌లోని డైలీ టెలిగ్రాఫ్ పత్రిక పదకేళిని 12 నిమిషాల్లో పూరించే పోటీ పెడితే, అందులో పాల్గొన్నవారిలో కొందరికి ఆ తర్వాత బ్లెచ్‌లీ పార్కులో పని దొరికింది. మీరు ఆదివారం పిల్లల పేజీలో పదకేళి, సుడోకు వేస్తున్నారు. వాటి పక్కన వారానికొక తెలుగు గూఢసందేశం కూడా వేయండి. జవాబుతోపాటు దాన్ని ఎలా ఛేదించాలో నాలుగు వాక్యాల్లో మరుసటి వారం రాయండి. మొదటి కొన్ని వారాలకు సరిపడా సందేశాలు తయారుచేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఒంగోలు