‘అటు పోతే గుర్తు మారుతుంది’తోనే చిక్కు

ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలను ‘అటు పోతే గుర్తు మారుతుంది’ అన్న ఒక్క ముక్కతో బట్టీ పట్టించడం మానాలి. 3ఎక్స్ + 5 = 20 ఇస్తే 5ను కుడివైపు పంపి 3ఎక్స్ = 15 అని పిల్లలు సరిగ్గానే రాస్తున్నారు; తప్పంతా తర్వాతి మెట్టులోనే. 3ను కూడా అటు పంపి ఎక్స్ = 15 – 3 = 12 అంటారు, లేదా గుర్తు మార్చాలి కదా అని 15ను –3తో భాగించి –5 తెస్తారు. చెప్పిన సూత్రాన్నే పాటించారు మరి! అక్కడ 3 గుణకారంలో ఉంది కాబట్టి రెండు వైపులా 3తో భాగించాలన్న కారణం వాళ్లకు అందలేదు. అసలు లోపం కింది తరగతులదే. 8 + 4 = □ + 5 అన్న లెక్కలో గడిలో 7కు బదులు 12 రాసే పిల్లలకు ‘=’ అంటే ‘జవాబు ఇక్కడ రాయి’ అనే అర్థం. 8 + 4 = 12 + 5 = 17 అని గొలుసుగా రాసినా చాలాచోట్ల దిద్దరు, జవాబు వచ్చింది కదా అని టిక్కు పెట్టేస్తారు. మూడో తరగతి నుంచే ఇలాంటి గడుల లెక్కలు, 12 = 7 + 5 వంటి తిరగేసిన రాతలు రోజుకు నాలుగైదు చేయించాలి. ఏడులో తొలి రెండు వారాలు పక్షాంతరం (అంకెను ‘=’కు అవతలి వైపు పంపడం) మాటెత్తకుండా, త్రాసు బొమ్మ గీసి, రెండు వైపులా 5 తీసేయడం, రెండు వైపులా 3తో భాగించడం వరుసగా రాయించాలి. జవాబును సమీకరణంలో పెట్టి సరిచూసిన వరుసకు పరీక్షలో ఒక మార్కు కేటాయిస్తే, 12 తెచ్చిన పిల్లవాడే 20 రావాల్సిన చోట 41 చూసి తన తప్పు పట్టుకుంటాడు.

– ఓ గణిత ఉపాధ్యాయుడు