రేటు తక్కువుంటే డూప్లికేటేనా అన్నా?

మొన్న మా కార్ స్పేర్ పార్టుల షాపుకు ఒక సారు వచ్చి పాత బిల్లు జేబులకెళ్లి తీసి చూపించిండు, అప్పటికంటే ఇప్పుడు బ్రేక్ ప్యాడ్లు తక్కువకు ఇస్తున్నవేంది, డూప్లికేట్ మాల్ పెడుతున్నవా అని. రేటు పెంచితే తిడతరు, తగ్గిస్తే అనుమానపడతరు, మేమెటు పోవాలె సార్!

2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా పార్టుల మీద జీఎస్టీ 28 శాతం ఉన్నది 18 అయింది. వెయ్యి రూపాయల సరుకు అప్పుడు 1280 పడేది, ఇప్పుడు 1180. ఆ వంద నేనేం దానం చేస్తలేను.

ఇంకోటి, కార్ కంపెనీ డబ్బాల వచ్చేదంతా ఆ కంపెనీనే తయారు చేస్తదనుకుంటరు. పార్టులు తయారు చేసే బాష్, లూకాస్ టీవీఎస్ లాంటోళ్లు కార్ కంపెనీలకు సప్లై చేస్తరు, సొంత డబ్బాల బయట కూడా అమ్ముతరు, ఆ డబ్బా చాలాసార్లు తక్కువకే దొరుకుతది. అట్లని కళ్లు మూసుకొని కొనొద్దు, మీ బండికి పార్ట్ నంబర్ కలవాలె.

ఇగ నా తప్పు కూడా చెప్పుకోవాలె. మొన్న ఎండాకాలం ఒక సప్లయర్ సగం రేటుకే ఆయిల్ ఫిల్టర్లు ఇస్తనంటే ఆశపడి ఒక పెట్టె దించుకున్న. రెండు నెలలకు క్యాబ్ తోలే ఒక అన్న వచ్చిండు, పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ లైట్ జల్ది ఆరతలేదు, ఇంజన్ టకటకమంటుందని. ఫిల్టర్ ఇప్పి రాణిగంజ్ షాపు ముందటనే కోసి చూసినం. బండి ఆగినంక ఆయిల్ వెనక్కి జారకుండ ఆపే రబ్బరు వాల్వ్ ఉంటది కదా, అది ఎండిన అప్పడం లెక్క అయింది, వంచితే ఇరిగింది. ఆయిల్ వడగట్టే పేపర్ మడతలు ఎంత దూరం దూరం ఉన్నయంటే, మధ్యల నా చిటికెనవేలు దూరింది. బయట పెయింటు మాత్రం ఒరిజినల్ కంటే మస్తు మెరుస్తుంది! సప్లయర్ వాపస్ తీస్కోలే, మిగిలినయన్ని స్క్రాప్‌ల ఏసిన.

వైపర్లు, మడ్ ఫ్లాపులు, ఫ్లోర్ మ్యాట్లు అగ్గువవి అడిగితే ఇప్పటికీ ఇస్త, పోయినా మళ్లొకటి కొంటరు అంతే. బ్రేకులు, చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు, ఇంజన్ల తిరిగే టైమింగ్ బెల్టుల మాత్రం ఆ మాల్ ఇగ షాపుల పెట్ట, తిట్టుకున్నా సరే.

ఎండాకాలంల నా దగ్గర ఆయిల్ ఫిల్టర్ కొన్నోళ్లు బండి తీస్కొని రండి, బిల్లు లేకున్నా ఉత్తగనే మారుస్త, ఆయిల్ పోతే అది కూడా నాదే. ఆదివారం బంద్.