ఫార్మాట్‌కు ముందు ఫైళ్లు బయటికి తీయాలి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి నగరంలో ఎన్నో ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో పాత కంప్యూటర్లను విండోస్ 11కు మార్చుకుంటున్నారు. ఆ మార్పు తర్వాత కంప్యూటర్ బూట్ కాకపోతే, అంటే విండోస్ తెరుచుకోకపోతే, మరమ్మతు దుకాణంలో చాలాసార్లు వినిపించే మొదటి మాట ‘ఫార్మాట్ కొట్టాలి సార్’ అన్నదే, అంటే డిస్కులో ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయాలని. మా కాలనీలో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారు ఆ మాటకు సరేనని, ఏళ్ల తరబడి తయారుచేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ పోగొట్టుకున్నారు. ఆ బాధ చూశాకే ఈ లేఖ రాస్తున్నాను.

విండోస్ తెరుచుకోనంత మాత్రాన డిస్కులోని ఫైళ్లు పోయినట్టు భావించకూడదు. విండోస్ 11 కోసం బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే కంప్యూటర్ సెట్టింగుల్లో) లెగసీ అనే పాత బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చి, డిస్కును మాత్రం ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలోనే వదిలేస్తే కంప్యూటర్‌కు బూట్ అయ్యే దారి దొరకదు; ఆ సెట్టింగును వెనక్కి మారిస్తే చాలాసార్లు పాత విండోస్ మళ్లీ తెరుచుకుంటుంది. అప్‌డేట్ వల్లే చిక్కు వచ్చి, వరుసగా రెండు మూడుసార్లు బూట్ విఫలమైతే రికవరీ తెర దానంతట అదే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, చివరి అప్‌డేట్‌ను తొలగించడం, సేఫ్ మోడ్ (తప్పనిసరైన వాటితో మాత్రమే విండోస్ తెరిచే పద్ధతి) ఉంటాయి. మామూలుగా పది రోజుల లోపు పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు కూడా ఉంటుంది. ఇవేవీ పనిచేయకపోయినా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాకుండా (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారకుండా) ఉంటే, విండోస్‌కు బదులు వాడే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను నడిపి ఫైళ్లను కాపీ చేసుకోవచ్చు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ ఇచ్చిన అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయి, మన శంషాబాద్ విమానాశ్రయంలో చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చినప్పుడు కూడా, నిపుణులు చూపిన మార్గం సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దోషమున్న ఫైలును తొలగించడమే.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ విషయంలో. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అవుతుంది. యజమానికి ఆ సంగతే తెలియదు. బయోస్ సెట్టింగు మారగానే 48 అంకెల రికవరీ కీ అడిగే తెర వస్తే, అది పాడైన కంప్యూటరని కంగారుపడి ఫార్మాట్‌కు ఒప్పుకుంటున్నారు. ఆ కీ సాధారణంగా అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది, ఫోన్‌లో ఖాతా తెరిచి చూసుకోవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అక్కడి ఐటీ విభాగాన్ని అడగాలి. ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కును ఒకసారి ఫార్మాట్ చేశాక ఆ ఫైళ్ల మీద ఆశ వదులుకోవలసిందే.

దుకాణదారులకు నా విన్నపం ఒక్కటే. యంత్రం తీసుకునేటప్పుడే ‘డేటా కావాలా, వద్దా’ అని అడిగి, జవాబును రసీదు మీద రాసి, సంతకం చేయించుకున్న తర్వాతే ఫార్మాట్ జోలికి వెళ్లాలి. ఫైళ్లు కాపీ చేయడానికి సమయం పడుతుంది కాబట్టి దానికి వేరుగా రుసుము తీసుకోవడం న్యాయమే, ఎవరూ కాదనరు. అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సులు నేర్పే సంస్థలు కూడా విండోస్ వేయడం నేర్పడానికి ముందే, బూట్ కాని డిస్కు నుంచి ఫైళ్లు తీయడం నేర్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్