తెలుగు సంఘ వార్షిక నివేదిక: షోలాపూర్‌లో మన ఆహారోత్సవం, వైన్‌పై మన నిర్ణయం

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

శ్రావణ పౌర్ణమినాటి మార్కండేయ రథోత్సవంలో మన సేవ, బతుకమ్మ సంబరాలు, పిల్లల తెలుగు తరగతులు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే సాగాయి. వాటి వివరాలను, జమాఖర్చుల పట్టికను సభ్యులకు విడిగా అందజేశాము. ఈ నివేదికను మాత్రం ఆహారోత్సవానికే కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. ఆ ఉత్సవం గురించి జరిగినంత చర్చ మన సంఘంలో ఇటీవల మరే విషయం మీదా జరగలేదు కనుక, అది ఎలా మొదలై ఎక్కడ తేలిందో సమావేశాలకు రాలేకపోయిన సభ్యులకు కూడా తెలియడం న్యాయం.

ఉత్సవానికి ఫిబ్రవరి నెలను పంటలను చూసి ఎంచుకున్నాము. అప్పటికి మన జిల్లా తోటల్లో ద్రాక్ష కోతకు వస్తుంది, పాలకంకి మీద ఉన్న జొన్న కూడా ఇంకా అక్కడక్కడ దొరుకుతుంది. మరాఠీ ఇరుగుపొరుగువారు హుర్డా అనేదీ, మన పెద్దలు ఊచబియ్యం అనేదీ ఒకటే. పిడకల నిప్పులో కంకులను కాల్చి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, వేడి తగ్గకముందే పల్లీల కారంతోనో బెల్లంతోనో తినవలసిన ఆ గింజల కోసం రెండు రోజులూ అందరికంటే పొడవైన వరుస నిలబడింది. నగరంలో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది పచ్చి జొన్న రుచిని మొదటిసారి చూసింది ఇక్కడేనని తల్లిదండ్రులు చెప్పినప్పుడు, ఈ ఉత్సవం పడ్డ శ్రమకు తగినదేనని మాకు అనిపించింది.

వంటల విషయంలో ఒకే నియమం పెట్టుకున్నాము: ఇంట్లో వండనిది ఇక్కడ వండకూడదు. 1877లో ఈ ఊళ్ళో మొదటి నూలుమిల్లు వెలిసిన తరవాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ తరలివచ్చిన కుటుంబాల వెంట సకినాలు, సర్వపిండి, పచ్చిపులుసు కూడా వచ్చాయి. ఇక్కడి కడక్ భాక్రీ (కరకరలాడే జొన్నరొట్టె), రోట్లో దంచిన శేంగా (పల్లీల) చట్నీ, పల్లీలతో చేసే తీపి శేంగా పోళీ కాలక్రమంలో మన వంటింట్లోనే కాపురం పెట్టాయి. కాబట్టి తెలంగాణ వంటలు ఒకవైపు, మహారాష్ట్ర వంటలు మరొకవైపు అని పందిరిని విడదీయలేదు. ఒక సభ్యురాలు బియ్యప్పిండిలో సగం జొన్నపిండి కలిపి సర్వపిండి చేశారు. బియ్యం ప్రియమైన రోజుల్లో తమ అమ్మమ్మ అలాగే చేసేవారట. ఆ పిండి, భౌగోళిక గుర్తింపు పొందిన మంగళ్‌వేఢా మాల్దండి జొన్నది. మన వంటకు ఈ నేల ఏమిచ్చిందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు.

ఇక చర్చ సంగతి. పెద్ద నగరాల్లో ఆహారంతో పాటు వైన్‌ను కూడా కలిపి ఉత్సవాలు జరుపుతున్నారనీ, మెల్బోర్న్‌లో అటువంటిది 1993లోనే మొదలైందనీ, మన జిల్లాలోని అక్లూజ్ ప్రాంతంలోనే వైన్ ద్రాక్ష తోటలు, వైన్ తయారీ ఉండగా మనం మొహమాటపడనవసరం లేదనీ యువ సభ్యులు ప్రతిపాదించారు. ద్రాక్షను వైన్‌గా మార్చే పరిశ్రమకు 2001లోనే రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించిందని, వైన్ కూడా రైతు పంటేనని వారు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది.

బీడీలు చుట్టే సభ్యురాళ్ళు దీనిని గట్టిగా వ్యతిరేకించారు. మగ్గాల దగ్గర వారపు కూలి చేతికందిన సాయంత్రం ఆ డబ్బు ఇంటికి రాకుండా ఎక్కడికి పోతుందో తమకు తెలుసనీ, సంఘం పందిరి కింద గ్లాసు ఎత్తితే రేపు ఇంట్లో దానికి అడ్డు చెప్పే నోరు తమకు ఉండదనీ వారు చెప్పారు. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి రాష్ట్ర మంత్రివర్గం అనుమతించినప్పుడు వచ్చిన నిరసనను కూడా గుర్తుచేశారు. అంతా విన్న తరవాత, ఉత్సవ ప్రాంగణంలో వైన్ పోయరాదని, అయితే ద్రాక్ష గురించి, వైన్ తయారీ గురించి తెలుసుకోవడానికి చోటు ఉండాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ తీర్మానం సరైనదేనని ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శిగా నేను నమ్ముతున్నాను. తెలుసుకోవడానికి తాగనక్కరలేదు.

ద్రాక్ష పందిరి అలా రూపుదిద్దుకుంది. మన జిల్లా నాన్నజ్ గ్రామంలో రైతు నానాసాహెబ్ కాళే వెలుగులోకి తెచ్చిన పొడుగు పండ్ల సోనాకా రకం, థామ్సన్, ఎండుద్రాక్ష పక్కపక్కన పెట్టాము. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో మరొకసారి పండు కోసం తీగను కత్తిరిస్తామని, ఆ రెండో కత్తిరింపు తరవాత అకాల వర్షం పడితే ఏడాది కష్టం బూజుపాలవుతుందని వచ్చిన రైతులు వివరించారు. తినే ద్రాక్ష పెద్దగా, పలచని తొక్కతో ఉండాలి. వైన్ ద్రాక్ష చిన్నదిగా, మందపు తొక్కతో, గింజలతో ఉంటుంది. ఎర్ర వైన్‌కు రంగు వచ్చేది రసం నుంచి కాదు, రసంతో పాటు నానే తొక్క నుంచి అన్న మాట చాలామందికి కొత్త.

రెండో రోజు మావల్ల ఒక పొరపాటు జరిగింది. ముందురోజు రాత్రి తీసిన ద్రాక్షరసం డబ్బాలను మంచులో పెట్టకుండా ఎండ తగిలే చోట వదిలేశాము. మధ్యాహ్నానికి రసం పులిసి నురగలు పైకి వచ్చాయి. పంచడం వెంటనే ఆపించాము. రసాయనశాస్త్రం బోధించే మన సభ్యుడొకరు మాత్రం ఒక డబ్బాను పారబోయనివ్వక పిల్లలను చుట్టూ కూర్చోబెట్టి, తొక్క మీది ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును వదులుతుందని, పైకి వస్తున్న బుడగలు ఆ వాయువేనని చూపించారు. తరవాత ఆ డబ్బాను కూడా అక్కడే ఖాళీ చేశాము. రసం నష్టానికి బాధ్యత కార్యవర్గానిదే.

నీటి విషయంలోనూ మా అంచనా తప్పింది. కుళాయి నీరు రోజూ రాని ఊళ్ళో స్టీలు పళ్ళాలు పెట్టి, వాటిని కడగడానికి ట్యాంకరు తెప్పించవలసి వచ్చింది. ఉజనీ ఆనకట్ట నీటి విలువ తెలిసిన మనం అలా చేసి ఉండకూడదు. వచ్చే ఏడాది మోదుగాకు విస్తళ్ళే వాడాలని ప్రతిపాదిస్తున్నాము.

యువ సభ్యులు తమ ప్రతిపాదనను వెనక్కి తీసుకోలేదు. కోరిన పెద్దలను సంఘం పేరుతో కాకుండా సొంత ఖర్చుతో అక్లూజ్ తోటలకు తీసుకువెళ్తామని, వచ్చే ఉత్సవం నాటికి మళ్ళీ చర్చించాలని అడిగారు. ఈ ప్రశ్నను కార్యవర్గం తనంతట తాను తేల్చదు. సర్వసభ్య సమావేశంలో ఓటు ద్వారానే నిర్ణయం జరుగుతుంది. బీడీల పని ఉన్నవారు కూడా తప్పక రాగలిగేలా ఆ సమావేశాన్ని ఆదివారం మధ్యాహ్నం పెడుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున