వీసీ గారికి బహిరంగ లేఖ: మీరు రంగు వేయించింది ఉత్త గోడకి కాదు సార్

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

నమస్కారం. పాత లైబ్రరీ వెనక గోడ గురించి మేమిచ్చిన అర్జీలు మీ పేషీలో ఎక్కడో ఉండే ఉంటాయి. ఇన్‌వార్డులో ముద్ర వేయించుకున్న కాపీలు మా దగ్గరా ఉన్నాయి. రిజిస్ట్రార్ గారిని అడిగితే ఇంజనీరింగ్ సెక్షన్‌కి పంపామన్నారు. ఇంజనీరింగ్ వాళ్ళనడిగితే ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ అభిప్రాయం కోరామన్నారు. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు కాంట్రాక్ట్ లెక్చరర్‌గా ఉన్నది మా జూనియరే, అతని దాకా ఏ కాగితమూ రాలేదు. అందుకని ఇక నలుగురి ముందూ రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు కావాలనే రాయడం లేదు. చదివినవాళ్ళలో చాలామందికి ఇది మా క్యాంపస్ గురించేనేమో అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

సంగతంతా మీకు తెలిసిందే కాబట్టి సూటిగా వస్తాను. యూనివర్సిటీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్ళు వస్తున్నారని క్యాంపస్ మొత్తానికి రంగులు వేయించారు. మంచిదే. చెట్ల మొదళ్ళకి కూడా ఎరుపూ తెలుపూ పట్టీలు వేశారు, అదీ మంచిదే అనుకుందాం. ఆ ఊపులోనే పాత లైబ్రరీ వెనక గోడ మీదున్న సిమెంటు రిలీఫ్‌కి, అంటే గోడలోంచి ఉబ్బెత్తుగా తేలే శిల్పానికి కూడా మీగడ రంగు ఎమల్షన్ కొట్టేశారు. బృందం వచ్చింది, గ్రేడ్ వచ్చింది, ఫ్లెక్సీలు కట్టారు, మా గోడ పోయింది.

అదేం గోడో మీకెవరూ చెప్పలేదనే అనుకుంటున్నా, చెబితే ఆపేవారని ఇప్పటికీ ఒక మూల నమ్మకం. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు, గట్టు మీద నారుకట్ట ఎత్తిపట్టుకున్న పిల్ల, మేకల్ని తోలుకెళ్తున్న ముసలామె. మా మాస్టారు, మా పై బ్యాచ్ వాళ్ళు, చివర్లో మేమూ కలిసి చేసిన పని. అచ్చు పోసి అతికించింది కాదు. గోడ మీదే తడి సిమెంటు పెట్టి, అది గట్టిపడేలోగా వెదురుపుల్లలతో, చెంచాలతో, ఏది దొరికితే దాంతో గీసింది. ముసలామె కొంగు మీద గళ్ళున్నాయే, అవి పాత దువ్వెన పళ్ళతో లాగినవి. మాస్టారు సొంత జేబులోంచి సిమెంటు బస్తాలు కొన్నారు, యూనివర్సిటీ ఇచ్చిందల్లా గోడ. ఆయన ఇప్పుడు లేరు, ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఎమల్షన్ ఒక్కటే అయితే ఎలాగోలా మెల్లగా తీయించుకునేవాళ్ళం. సమాచార హక్కు కింద ఆ పని ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ తెప్పించాం సార్, అది చదివాక నిద్ర పట్టలేదు. అందులో ఏముందంటే, పాత పూత గీకడం, ఎగుడుదిగుళ్ళున్నచోట లప్పం పట్టించి సమం చేయడం, రెండు పూతలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, ఇన్ని చదరపు మీటర్లు. సమం చేశారట! రిలీఫ్ అంటేనే ఎగుడుదిగుడు కదా సార్, దాన్ని సమం చేస్తే మిగిలేది ఏమిటి? ముసలామె కొంగు మీద గళ్ళన్నీ లప్పంతో పూడిపోయాయి. మేకలు ఇప్పుడు పిండి ముద్దల్లా ఉన్నాయి. ఆ తర్వాత ఎవరికో బోసిగా కనిపించిందేమో, ముఖాలకి బంగారు రంగు ఎనామిల్ పూశారు. ఎవరు చెప్పారు అంటే ఎవరూ చెప్పలేదంటారు, ఎవరూ చెప్పకుండా ఈ యూనివర్సిటీలో ట్యూబ్‌లైటు కూడా మార్చరే!

అక్కడితో అయినా ఆగిందా అంటే లేదు. ఎండాకాలం రాగానే డిజిటల్ లైబ్రరీకి ఏసీలు పెట్టి, అవుట్‌డోర్ యూనిట్లు ఈ గోడకే బిగించారు. ఒక స్టాండు బోల్టు సరిగ్గా నారుకట్ట పట్టుకున్న పిల్ల మణికట్టు మీద దిగింది. రాగి పైపు పక్కనున్న ఆమె నడుములోంచి లోపలికి పోతుంది. డ్రెయిన్ పైపుని నేల దాకా దింపకుండా సగంలో వదిలేశారు, ఆ నీళ్ళు రోజంతా కారి కింద నాట్లు వేసేవాళ్ళ మీద నాచు పట్టింది. పొలంలో నీళ్ళున్నట్టే ఉందిగా అని ఒక అసిస్టెంట్ ఇంజనీరు గారు జోకేశారు. నవ్వలేకపోయాం సార్, ఏమనుకోవద్దని చెప్పండి.

క్యాంపస్‌లో ఉన్న విగ్రహాలు, మ్యూరల్స్ (గోడల మీది చిత్రాలు, శిల్పాలు), స్తూపాల జాబితా ఇవ్వమని కూడా అడిగాం. "అటువంటి రిజిస్టరు నిర్వహించబడుట లేదు" అని జవాబొచ్చింది. సెమినార్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వీపున కూడా తెల్ల పెయింటుతో నంబరు ఉంటుంది. కుర్చీ విరిగితే స్టాక్ రిజిస్టర్లో కొట్టివేతకి సంతకాలు కావాలి. ఒక శిల్పం పోతే ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎందుకంటే మీ లెక్కల్లో అది అసలు లేనే లేదు. ఎవరు చేశారు, ఏ ఏడాది చేశారు, దేంతో చేశారు, ఎవరు ఒప్పుకుంటే పెట్టారు, కడగాలంటే దేంతో కడగాలి, ఇవేవీ ఎక్కడా రాసిలేవు.

ఇక మెయిన్ గేటు దగ్గర సర్కిల్లో కొత్తగా పెట్టిన విగ్రహం. ఎవరిదని నేను చెప్పను, ఆ పెద్దాయన మీద మాకు గౌరవం ఉంది, మా పేచీ ఆయనతో కాదు. శిల్పం డిపార్ట్‌మెంట్ ఉన్న యూనివర్సిటీలో విగ్రహానికి రోడ్డు పనులకి పిలిచినట్టు టెండర్ పిలిచి, ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినవాళ్ళు ఎవరొస్తే వాళ్ళకి ఇచ్చేస్తారా? మట్టి నమూనా ఎవరైనా చూశారా? ఫొటో పక్కన పెట్టి పోల్చుకున్నారా? ఫైబర్ మీద కంచు రంగు కొట్టి తెచ్చారు, కళ్ళజోడు విడిగా అతికించారు, మొదటి గాలివానకే అది ఊడిపోయింది. కింద శిలాఫలకం మీద మాత్రం ఆవిష్కరించిన మంత్రి గారు, మీరు, రెక్టార్ గారు, రిజిస్ట్రార్ గారు, ఇంజనీరు గారు అందరూ వరసగా ఉన్నారు. చేసిన శిల్పి పేరు లేదు. ఒకరకంగా ఆ శిల్పికి అదే మేలు.

మన దగ్గర శిల్పులు లేరనేగా? హైదరాబాద్ గన్‌పార్క్‌లో 1969 ఉద్యమ అమరుల స్తూపం రూపం ఇచ్చింది ఎక్కా యాదగిరిరావు గారు, ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పిన మాస్టారే. అందులో ఒక్క మనిషి ముఖం కూడా చెక్కలేదు, స్తంభం, పైన పువ్వు, అంతే. అయినా ఈ రోజుకీ జనం అక్కడికే వెళ్ళి తలవంచుతారు. డబ్బుల్లేవంటారా? శాంతినికేతన్‌లో శిల్పి రాంకింకర్ బైజ్ 1938లో సంతాల్ గిరిజన కుటుంబం బొమ్మని చేసింది కంచుతో కాదు, సిమెంటూ ఎర్ర కంకరతో. క్యాంపస్‌లో ఆరుబయట పెట్టిన పని అది. ఇప్పుడు దాన్ని చూడ్డానికి దేశాల నుంచి వస్తారు. మాస్టారు మాకు సిమెంటు పట్టుకోవడం నేర్పింది ఆ బొమ్మ ఫొటో చూపించే.

గోడ మాది, డబ్బు మాది, మా ఇష్టం అని ఒక అధికారి గారు మా మొహం మీదే అన్నారు. ఆయనకి ఒక కేసు చెప్పాలి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం కేంద్ర ప్రభుత్వం 1957లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేత కంచు మ్యూరల్ చేయించుకుంది, 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు, పూర్తయింది 1962లో. 1979లో మరమ్మతులని ఊడదీసి గోడౌన్లో పడేశారు. ఆయన కూడా మాలాగే అర్జీల మీద అర్జీలు పెట్టి, విసిగి, 1992లో కోర్టుకెళ్ళారు. 2005 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కింద తీర్పిచ్చింది. డబ్బు పెట్టి కొనుక్కున్నా సరే, పాడుచేసే హక్కు సర్కారుకి లేదంది. మిగిలిన మ్యూరల్ ఆయనకి తిరిగిచ్చేయమంది, 5 లక్షల పరిహారం కట్టమంది. మాకు కోర్టుకెళ్ళే ఓపికా లేదు, డబ్బూ లేదు. అయినా చట్టమైతే ఉంది, లీగల్ సెల్ వాళ్ళని ఒకసారి చదవమనండి.

విగ్రహాలంటేనే గొడవలొస్తాయి, అందుకే ఎవరినీ అడగకుండా గప్‌చుప్‌గా కానిచ్చేస్తాం అని కూడా మీ వాళ్ళు అన్నారు. నాకు తెలిసి గొడవలు వచ్చేదే అడగకపోతే. 2019 ఆగస్టులో ఢిల్లీ యూనివర్సిటీలో ఏమైంది? అనుమతి లేకుండా రాత్రికి రాత్రి ఒకే దిమ్మె మీద సావర్కర్, భగత్‌సింగ్, బోస్ విగ్రహాలు పెట్టారు, ఇంకొకళ్ళొచ్చి సావర్కర్ విగ్రహానికి నల్లరంగు పూశారు, నాలుగు రోజులు తిరక్కుండానే తీసేయాల్సి వచ్చింది. రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా కొత్త విగ్రహాలకి అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకి చెప్పింది. క్యాంపస్ సర్కిల్‌కి అది వర్తిస్తుందా లేదా లాయర్లు చూసుకుంటారు గానీ, అడ్డదిడ్డంగా పెట్టుకుంటూ పోవడం ఎక్కడికి దారితీస్తుందో కోర్టుకి అర్థమైంది, మనకి కాలేదు.

హాస్టల్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేసిన చిన్న స్తూపం సంగతి కూడా అడుగుతున్నా. చనిపోయిన స్నేహితుల కోసం పిల్లలు తలా కొంత వేసుకుని కట్టుకున్నది. వేరేచోట స్థలం చూపిస్తాం, యూనివర్సిటీ ఖర్చుతోనే కట్టిస్తాం అన్నది మీకు ముందున్న వీసీ గారు, అవునవును అన్నది మీరు. శ్రీలంకలో జాఫ్నా యూనివర్సిటీలో 2021 జనవరి 8 రాత్రి, యుద్ధం చివర్లో చనిపోయిన తమిళుల కోసం కట్టిన ముల్లివాయ్‌క్కాల్ స్మారకాన్ని బుల్డోజర్‌తో కూలగొట్టారు. పిల్లలు నిరాహారదీక్షకి కూర్చుంటే మూడో రోజు తెల్లవారుజామున వీసీయే స్వయంగా వచ్చి మళ్ళీ పునాది రాయి వేశారు. అంత యుద్ధం జరిగిన దేశంలో, అన్ని ఒత్తిళ్ళ మధ్య ఒక వీసీ చేయగలిగారు. మనకి అడ్డం వచ్చింది ఒక డ్రైనేజీ పైపు.

సార్, ఒక కమిటీ వేయండి. అందులో అందరూ డీన్లే కాకుండా ఒక శిల్పి, చరిత్ర తెలిసిన ఒక మనిషి, ఇద్దరు విద్యార్థులూ ఉండాలి, మినిట్స్ నోటీసు బోర్డులో పెట్టాలి. ఏం పెట్టాలన్నా, ఏం తీయాలన్నా, ఏం కడగాలన్నా వాళ్ళని అడగాలి. రిజిస్టరు పెట్టండి, కుర్చీలకి రాసినట్టే నంబర్లు రాయండి, మాకు అభ్యంతరం లేదు, బొమ్మ మీద రాయకుండా ఉంటే చాలు. విగ్రహం కావాలంటే టెండర్ కాదు, మట్టి నమూనాలు పిలిచి నెలరోజులు లైబ్రరీలో పెట్టండి, అందరూ చూస్తారు. స్తూపానికి స్థలం చూపించండి. ఇవన్నీ ఇదివరకే రాశాం, మళ్ళీ రాస్తున్నాం, మీకు విసుగొచ్చినా సరే.

ఇవన్నీ ఆలస్యమవుతాయంటే ఒక్కటి మాత్రం ఈ వానలకి ముందే చేయించండి. ఆ ఏసీ యూనిట్లు పక్క గోడకి మార్పించండి. రంగు గీకించే పని మాత్రం దయచేసి మళ్ళీ ఆ కాంట్రాక్టరుకి ఇవ్వొద్దు, చీపురు బ్రష్షూ యాసిడ్డూ పట్టుకుని పోతే మిగిలింది కూడా పోతుంది. మేం పాత విద్యార్థులం సెలవు రోజుల్లో వచ్చి లప్పం కొద్దికొద్దిగా తీస్తాం, కూలీ అడగం, కెమికల్స్ మేమే తెచ్చుకుంటాం. పోయినసారి నీళ్ళ బకెట్‌తో వస్తే సెక్యూరిటీ వాళ్ళు గేటు దగ్గరే ఆపి "పర్మిషన్ లెటర్ ఏది" అన్నారు. ఆ లెటర్ మీద మీ సంతకం కావాలి.

ఇట్లు,
శిల్పం డిపార్ట్‌మెంట్ పాత విద్యార్థి