సూర్కూఫ్ మునిగింది బెర్ముడా త్రికోణంలో కాదు

సంపాదకుల వారికి,

ఆదివారం అనుబంధాల్లో, పిల్లల పేజీల్లో ‘బెర్ముడా త్రికోణం (మియామీ, బెర్ముడా, ప్యూర్టోరికోల మధ్య అట్లాంటిక్ భాగం) మింగేసిన ఓడలు’ అంటూ వచ్చే జాబితాల్లో ఫ్రెంచి జలాంతర్గామి సూర్కూఫ్‌ను కూడా చేర్చేస్తున్నారు. అది తప్పు. 1942 ఫిబ్రవరి 12న అది బెర్ముడాలో బయల్దేరిన మాట నిజమే. పనామా కాలువ దాటి తాహితీ వెళ్లాలి. ఫిబ్రవరి 18 రాత్రి మునిగినట్టు భావిస్తున్న చోటు మాత్రం కాలువ దగ్గరి క్రిస్టోబాల్ రేవుకు ఉత్తరాన సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, కరీబియన్ సముద్రంలో ఉంది. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవండి, త్రికోణం అంచు అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైనే.

డీజిల్ ఇంజన్లకు గాలి కావాలి గనక ఆనాటి జలాంతర్గాములు రాత్రిపూట పైకి తేలి నడుస్తూ బ్యాటరీలు చార్జి చేసుకునేవి. యుద్ధ భయంతో అమెరికా సరుకు ఓడ థాంప్సన్ లైక్స్ దీపాలార్పి వస్తోంది. చీకట్లో నీటిమట్టానికి దగ్గరగా ఉన్న దేన్నో గుద్దింది. అది సూర్కూఫే అయి ఉంటుందని ఒక వాదన. సెర్చిలైట్లు వేసి గాలించినా ఒక్కరూ దొరకలేదు. సూర్కూఫ్‌లోని 130 మందీ పోయారు. మర్నాడు ఉదయం అమెరికా విమానాలే పొరబడి బాంబులు వేశాయని మరో వాదన ఉంది. రెండింటిలోనూ మాయ లేదు.

చెప్పుకోవలసింది దాని నిర్మాణం. 1929లో జలప్రవేశం చేసింది, పొడవు 110 మీటర్లు. టరెట్‌లో (తిరిగే ఫిరంగి గూడులో) క్రూయిజర్లనే పెద్ద యుద్ధనౌకలకు పెట్టే 203 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు. అవి 27 కిలోమీటర్ల దాకా కొట్టగలవు, కానీ దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ నీళ్లకు అంత దగ్గరగా ఉండడంతో దిగంతం అడ్డొచ్చి 11 కిలోమీటర్లకు మించి కనబడదు. ఆ లోటు తీర్చడానికే పైనుంచి చూసి చెప్పే చిన్న బెసాన్ సముద్ర విమానాన్ని వెనక హ్యాంగర్లో పెట్టారు. పైకి తేలాక మొదటి గుండు పేల్చడానికి మూడు నిమిషాలకు పైగా, మళ్లీ 12 మీటర్లు మునగడానికి రెండు నిమిషాలకు పైగా పట్టేది. శత్రు విమానం కంటపడితే ఆ రెండు నిమిషాలు చాలా ఎక్కువ.

జర్మన్ సేనలు ఫ్రాన్సును ఆక్రమిస్తుంటే, ఫ్రెంచి రేవు బ్రెస్ట్‌లో మరమ్మతులు సగంలో ఉండగానే 1940 జూన్ 18న బయల్దేరి, ఒక్క ఇంజనుతో, బిగుసుకుపోయిన చుక్కానితో ఇంగ్లండులోని ప్లిమత్ చేరింది. ఫ్రాన్సు లొంగిపోయాక ఫ్రెంచి నౌకలు జర్మనీ చేతికి పోతాయన్న భయంతో జూలై 3న బ్రిటిష్ సైనికులు దాన్ని స్వాధీనం చేసుకోబోతే ముగ్గురు బ్రిటిష్‌వారు, ఒక ఫ్రెంచివాడు చనిపోయారు. 1941 డిసెంబరు 24న కెనడా దగ్గరి సెయింట్ పియెర్ ద్వీపాన్ని జర్మనీకి లొంగకుండా పోరాడిన స్వేచ్ఛా ఫ్రెంచి దళాలు తీసుకున్నప్పుడు మూడు కార్వెట్లతో (చిన్న యుద్ధనౌకలతో) పాటు ఇదీ వెళ్లింది. దీనికి పేరు పెట్టింది కూడా మన బంగాళాఖాతంలోనే 1800లో ఈస్టిండియా కంపెనీ ఓడ కెంట్‌ను పట్టుకున్న ఫ్రెంచి నావికుడు రాబర్ట్ సూర్కూఫ్ మీద.

పిల్లలకు ఇన్ని నిజాలు ఉండగా లేని మాయను ఎందుకు చెప్పాలి? ఆ జాబితా మళ్లీ వేసేటప్పుడు దయచేసి సూర్కూఫ్ పేరు తీసేయండి. విడిగా రాస్తే ‘క్రిస్టోబాల్‌కు ఉత్తరాన, కరీబియన్ సముద్రంలో’ అని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం